లెక్కలోకి రాని ఓటుకు రాత్రంతా మేలుకోవడమా?

ప్రశ్న: మా అబ్బాయి కరీంనగర్‌లో బీటెక్ మూడో ఏడాది. ఏదో అపాచీ ప్రాజెక్టు కొత్త వెర్షన్ పరీక్షించి ఓటేస్తున్నానంటూ తెల్లవార్లూ కూర్చుంటాడు. ఆ ఓటు లెక్కలోకి రాదని వాడే చెప్తాడు, పైసా రాదు. పక్కింటబ్బాయి డెవాప్స్ కోర్సులో చేరాడు. వీణ్నీ చేర్పించమంటారా?

జవాబు: మీ బెంగ ఓటు గురించి కాదు. ప్లేస్‌మెంట్ల నాటికి బాబు చేతిలో చూపించడానికి ఏమీ ఉండదేమోనని. ఆ భయం వదిలేయండి.

అపాచీ అంటే వాలంటీర్లు కలిసి ఉచిత సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థ. అక్కడ ఒక వెర్షన్ బయటికి రావాలంటే ప్రాజెక్టు కమిటీ సభ్యుల ప్లస్ వన్‌లు (అనుకూల ఓట్లు) కనీసం మూడు పడాలి, వాళ్ల మైనస్ వన్‌ల (వ్యతిరేక ఓట్ల) కంటే అవి ఎక్కువుండాలి. మామూలుగా గడువు 72 గంటలు. కోడ్ మార్పుల్లోలా ఒక్కరు కాదంటే ఆగిపోయే వీటో ఇక్కడ లేదు. బయటివాళ్ల ఓటు లెక్కించరు, నిజమే. కానీ వాళ్లు చూపించిన తప్పు నిజమైతే ఆ విడుదల చూసుకునే రిలీజ్ మేనేజర్ ఆర్‌సీ1 (ఓటుకు పెట్టిన మొదటి ప్రతి) వెనక్కి తీసుకుని, సరిదిద్దిన ఆర్‌సీ2 కడతాడు, ఓటింగ్ మళ్లీ మొదటికొస్తుంది. అపాచీ వెబ్ సర్వర్‌లో అయితే అలా ఆగిన నంబరును మళ్లీ వాడరు. అందుకే 2.4.43 తర్వాత జనానికి అందింది 2.4.46.

ఆ తప్పు పట్టడంలోనే చదువుంది. సోర్స్ ప్యాకేజీ (కోడ్ ఉన్న కట్ట) దించుకుని, అది దారిలో చెడలేదని చెప్పే షా-512 కోడ్ సరిచూడాలి. డిజిటల్ సంతకం కీస్ ఫైల్లో (ప్రాజెక్టువాళ్ల తాళాల జాబితాలో) ఉన్నవాళ్లదేనా చూడాలి. లైసెన్స్, నోటీస్ ఫైళ్లు ఉన్నాయా, సోర్స్‌లో జార్ ఫైళ్లేమైనా (ముందే కట్టేసిన జావా కోడ్) దూరాయా చూడాలి. తర్వాత ఖాళీ ఫోల్డర్‌లో విప్పి బిల్డ్ చేయాలి, అంటే ఆ కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చాలి. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ప్యాకేజీ బదులు గిట్ క్లోన్‌లో (ప్రాజెక్టు అసలు కోడ్ నకలులో) బిల్డ్ చేసి ‘బాగుంది’ అనేస్తారు, ప్యాకేజీలో ఒక ఫైలు రాలేదని తెలియదు. లేదా బిల్డ్ చేసే మావెన్ టూల్ అదే మెషీన్‌లో ముందు దాచుకున్న పాత క్యాష్‌లోంచి లైబ్రరీ తెచ్చేసుకుంటుంది, కొత్త మెషీన్‌లో అదే బిల్డ్ పడిపోతుంది.

ఇక డెవాప్స్ కోర్సు, అంటే సాఫ్ట్‌వేర్‌ను బిల్డ్ చేసి సర్వర్ల మీద నడిపించే పని నేర్పేది. మూడు నెలల్లో జెంకిన్స్, డాకర్, కుబర్నెటీస్ లాంటి టూల్స్ అన్నీ చూపించే కోర్సుల మీద నాకు గురి లేదు. అక్కడ నడిచే ఉదాహరణలే నడిపిస్తారు. ఇంటర్వ్యూలో అడిగేది నడవనప్పుడు ఏం చేస్తావని. లైనక్స్, గిట్, నెట్‌వర్కింగ్ చేతికి పట్టుబడని పిల్లాడికి ఆ ఫీజు దండగ. కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్‌లోనూ ఇలాంటి ఫ్యాషన్ ఉంది లెండి. ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపినవాళ్లకు టీషర్టులిచ్చిన 2020 హాక్టోబర్‌ఫెస్ట్‌లో, ఆ టీషర్టు కోసం రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ ఫైల్లో) ఒక్క పదం మార్చి పంపినవాళ్ల తాకిడికి నిర్వాహకులు అక్టోబర్ మొదటి వారంలోనే నిబంధనలు మార్చుకున్నారు.

కాస్త కటువుగానే అంటాను, ఏమనుకోకండి. పక్కింటబ్బాయి ఏ కోర్సు కట్టాడో మీకు తెలుసు, మీ అబ్బాయి ఏ ప్రాజెక్టులో పనిచేస్తున్నాడో మాత్రం ‘ఏదో’ అని రాశారు. పేరైనా అడగండి. ఓటేసిన మెయిల్ చూపించమనండి. ఏ ఓఎస్, ఏ జావా వెర్షన్, ఏమేం సరిచూశాడు అన్నది అందులో ఉంటే రెజ్యూమెలో ఆ మెయిల్ లింకే పెట్టమనండి. ఉత్త ‘ప్లస్ వన్’ అని మాత్రమే ఉంటే మీ అనుమానం సబబే.

గడువు 72 గంటలని చెప్పానుగా, అర్ధరాత్రి రెండింటికే కూర్చోవాలన్న రూలేమీ లేదు. దానికి మాత్రం నిరభ్యంతరంగా కోప్పడండి.