జోనీ మిచెల్ పది ఆల్బమ్‌ల పెట్టె కొనుక్కోవచ్చా? పదేళ్లకు పైగా వింటున్నవాడి మాట

కెనడాలో చదువుకుంటున్న మీ అమ్మాయి అక్కడి గాయని, పాటల రచయిత్రి జోనీ మిచెల్ పాటలు రెండు పంపిందనీ, అవి మనసుకి పట్టేసి జోనీ 1968 నుంచి 1979 దాకా చేసిన స్టూడియో ఆల్బమ్‌లన్నీ ఉన్న సీడీల పెట్టె కొందామనుకుంటున్నాననీ రాశారు. ఫోన్లో అన్నీ దొరుకుతుండగా పెట్టెకి డబ్బు పోయడం దండగా, కొంటే దేనితో మొదలుపెట్టాలి అని అడిగారు. కొనండి. మొదటి డిస్కుతో మొదలుపెట్టి, ఒక్కటి కూడా దాటెయ్యకుండా వరసగా వినండి. ఎందుకలా అంటున్నానో కాస్త వివరంగా చెబుతాను.

బాపట్లలో ఏజీ బీఎస్సీ అయ్యాక 2014లో పైచదువుకని కెనడాలోని సాస్కచ్వాన్ రాష్ట్రంలో ఉన్న సాస్కటూన్ ఊరికి వెళ్లాను. మన దేశం దిగుమతి చేసుకునే మసూరు పప్పులో పెద్ద వాటా ఆ సాస్కచ్వాన్ ప్రాంతానిదే. నా పని కూడా ఆ పంట మీదే. డిసెంబరులో మైనస్ ముప్పై చలికి తట్టుకోలేక, బస్సు వచ్చేదాకా వెచ్చగా నిలబడదామని ఒక పాత రికార్డుల కొట్లోకి దూరాను. లోపల ఒక ఆడగొంతు పాడుతోంది. కౌంటర్లో ఉన్న పెద్దాయన్ని ఎవరని అడిగితే, ‘మా ఊరి పిల్లే’ అన్నాడు. అంత పేరున్న మనిషిని అలా అనడం నాకు చాలా నచ్చింది. మా గుంటూరు జిల్లావాళ్లు సావిత్రిగారిని తలుచుకున్నట్టే తలుచుకున్నాడు.

ఆ గొంతు జోనీది. జోనీ పుట్టింది 1943లో, ఆల్బర్టాలోని ఫోర్ట్ మెక్లియడ్‌లో. పెరిగింది సాస్కటూన్‌లో. డబ్బులు తీసుకుని మొదటిసారి పాడింది కూడా అక్కడే, 1962 అక్టోబరు 31న, బ్రాడ్‌వే వీధిలో ఉండే ఒక కాఫీ హౌసులో. 2018లో ఆ చోట ఒక ఫలకం పెట్టారు, నది ఒడ్డున ఒక నడకదారికి ఆమె పేరు పెట్టారు. అప్పటికి నేనింకా అక్కడే ఉన్నాను. నది గడ్డకట్టిన రోజుల్లో ఆ దారమ్మట నడుస్తూ ఆమె పాటలు విన్నాను కాబట్టి నా మాటల్లో కాస్త అభిమానం ఎక్కువే ఉంటుంది.

ఆ గొంతు మొదటిసారి విన్న వారానికి ఆ రికార్డుల కొట్లోనే ఈ పెట్టె సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. 2012లో రైనో సంస్థ విడుదల చేసినది. పది సీడీలు, ఒక్కోటీ అప్పటి ఎల్పీ (పెద్ద నల్ల రికార్డు) అట్టకి అచ్చు నకలులాంటి చిన్న తొడుగులో. ఇంటికెళ్లి చూసుకుంటే పదో తొడుగు, ‘మింగస్’ది, ఖాళీ! వెనక్కి వెళ్లి అడిగితే ఉన్నదున్నట్టే అమ్మామన్నారు. మూడు నెలలు వెతికి ఆ ఒక్క డిస్కూ విడిగా కొని ఆ తొడుగులో పెట్టుకున్నాను. అందుకని సెకండ్‌హ్యాండ్‌లో కొనేట్టయితే డబ్బిచ్చే ముందే పది తొడుగులూ తెరిచి, ఒక్కో డిస్కునీ వెలుతురుకి పట్టి చూడండి.

ఇక వరసగా వినమని ఎందుకన్నానంటే, ఫోన్లో మనకి ముందు కనిపించేవి అందరూ విన్న పాటలే. మీ అమ్మాయి పంపిన రెండూ ‘బ్లూ’లోవి అయ్యుంటాయి. ఆ 1971 ఆల్బమ్‌ని రోలింగ్ స్టోన్ పత్రిక 2020లో వేసిన అయిదు వందల ఉత్తమ ఆల్బమ్‌ల జాబితాలో మూడో స్థానంలో పెట్టింది. తగినదే. గిటారు, పియానో, ఒళ్లో పెట్టుకుని వాయించే డల్సిమర్ అనే తీగవాద్యం, వాటి పక్కన ఆ గొంతు. మధ్యలో దాచుకోవడానికి ఏమీ లేదు. కానీ అక్కడే ఆగిపోతే ఆమెలో సగం కూడా వినలేదన్నమాట. పదకొండేళ్లలో పది ఆల్బమ్‌లు చేసింది, ఏ రెండూ ఒకలా ఉండవు.

మొదటిది ‘సాంగ్ టు ఎ సీగల్’. దీన్ని దగ్గరుండి రికార్డు చేయించింది గాయకుడు డేవిడ్ క్రాస్బీ. పియానో తీగలు కూడా ఆమె గొంతుతో పాటు మోగాలని, తెరిచిన పియానోలోకి పాడించాడు. ఆలోచన ఎంతో అందమైనది. తీరా టేపు మీద బుసబుసమనే చప్పుడు చేరింది, అది తీసేస్తే గొంతులోని మెరుపు కూడా కొంత పోయింది. అందుకే ఆ డిస్కు దూరంగా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. విని నిరాశపడకండి, మీ ప్లేయరు తప్పేం కాదు. తర్వాతి ‘క్లౌడ్స్’కి వచ్చేసరికి దుప్పటి తీసేసినట్టుంటుంది. ‘లేడీస్ ఆఫ్ ద కాన్యన్’లో పియానో ముందుకొస్తుంది. నాలుగోది ‘బ్లూ’. అప్పటికి మీకు ఆ గొంతు చుట్టంలా అలవాటైపోతుంది కాబట్టి ‘బ్లూ’ తగిలే తీరే వేరుగా ఉంటుంది.

గిటారు గురించి ఒక మాట చెప్పాలి. ఆమెకి తొమ్మిదేళ్లప్పుడు పోలియో వచ్చింది. దాంతో ఎడంచెయ్యి బలహీనపడి, మామూలు పద్ధతిలో తీగల్ని నొక్కిపట్టడం కష్టమయ్యేది. అందుకని తీగల్నే తనకి అనువుగా శృతి చేసుకుంది. అలా యాభైకి పైగా శృతులు కట్టుకుంది. మా అమ్మ చిన్నప్పుడు విజయవాడలో వయొలిన్ నేర్చుకుంది. నేను గుంటూరు తిరిగొచ్చాక ఒక సాయంత్రం ఎనిమిదో ఆల్బమ్ ‘హెజీరా’ పెట్టుకుని వింటుంటే, వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ‘ఒరే, ఈవిడ తీగల్ని ఖాళీగా మోగనిస్తోందిరా, మన వయొలిన్ శృతిలాగుంది’ అంది. ఇంగ్లీషు పాటలంటే ఆమెకి ఎప్పుడూ ఆసక్తి లేదు, ఒక్క ముక్క అర్థం కాదు కూడా. కానీ పట్టాల్సింది పట్టేసింది. పాశ్చాత్యులు వయొలిన్‌ని వేరే స్వరాలకి శృతి చేస్తారు, మన కర్ణాటక పద్ధతిలో దాన్నే స-ప-స-ప అని పెట్టుకుంటాం. వాద్యం వాళ్లదే, తీగల మధ్య సంబంధం మనం మార్చుకున్నాం. జోనీ గిటారుతో చేసిందీ అలాంటి పనే. ఆ పాటల్లో అడుగున ఎప్పుడూ ఏదో ఒక తీగ తంబురలా మోగుతూ ఉంటుంది, ఒకసారి గమనించి చూడండి.

అయిదోది ‘ఫర్ ద రోజెస్’, నెమ్మదిగా ఎక్కుతుంది. ఆరోది ‘కోర్ట్ అండ్ స్పార్క్’, 1974 నాటిది, అందరికన్నా ముందు మీ ఇంట్లోవాళ్లకి నచ్చేది ఇదే. టామ్ స్కాట్ జాజ్ బృందం ఎల్.ఏ. ఎక్స్‌ప్రెస్ ఇందులో వాయించింది. అమెరికా ఆల్బమ్‌ల అమ్మకాల జాబితాలో రెండో స్థానం దాకా వెళ్లింది. ఇందులోని ‘హెల్ప్ మీ’ ఒక్కటే అక్కడ మొదటి పదిలోకి వెళ్లిన ఆమె పాట.

అదే దారిలో ఇంకో రెండు చేసుంటే ఇంకెంత డబ్బు, పేరు వచ్చేవో. ఆమె చెయ్యలేదు. ఏడో డిస్కు, ‘ద హిస్సింగ్ ఆఫ్ సమ్మర్ లాన్స్’ పెట్టగానే రెండో పాటకి ఉలిక్కిపడతారు. ఆఫ్రికాలోని బురుండి డప్పుల రికార్డింగు, దాని మీద మూగ్ సింథసైజరు అనే ఎలక్ట్రానిక్ వాద్యం, ఆ పైన ఈమె గొంతు. 1975లో! తర్వాతి రోజుల్లో పాత రికార్డింగు ముక్కల మీద పాటలు కట్టడం మామూలైపోయింది, ఈమె అంత ముందే చేసింది. మొదటిసారి నాకు అస్సలు నచ్చలేదు. ఫోన్లో అయితే వేలితో పక్కకి తోసేసి ఉండేవాణ్ని. సీడీ కాబట్టి, లేచి వెళ్లి మార్చే ఓపిక లేక, మిగతాది విన్నాను. నాలుగోసారికి ఆ డప్పులు లోపలికి దిగాయి. ఈ పెట్టె నాకు చేసిన ఉపకారం ఇదే. నాకు నచ్చనివాటి దగ్గర కూడా కూర్చోబెట్టింది.

ఎనిమిదోది ‘హెజీరా’. ఊరు విడిచి వెళ్లడమనే అర్థమున్న అరబ్బీ మాట అది. 1976లో ఆమె అమెరికా తూర్పు కొసనున్న మెయిన్ రాష్ట్రం నుంచి లాస్ ఏంజెలిస్ దాకా ఒంటరిగా కారు నడుపుకుంటూ వెళ్లింది, ఈ పాటల్లో చాలావరకు ఆ ప్రయాణంలోంచి పుట్టాయి. జాకో పాస్టోరియస్ నాలుగు పాటలకి బేస్ గిటారు వాయించాడు. మామూలుగా బేస్ అంటే వెనకాల ఉండి ఊతమిచ్చేది. ఇతని బేస్ పక్కసీట్లో కూర్చున్న తోటి ప్రయాణికుడిలా మాట్లాడుతుంది, ఊరుకుంటుంది, మళ్లీ మాట్లాడుతుంది. తొడుగు చేతిలోకి తీసుకుని చూడండి. నల్లటోపీ పెట్టుకుని ఆమె నిలబడి ఉంటుంది, వెనక మంచు. ఆమె ఒంటి లోపలినుంచే ఒక తిన్నని రోడ్డు దూరంగా వెళ్లిపోతూ ఉంటుంది. ఫోను తెర మీద ఈ బొమ్మని నేను చాలాసార్లు చూశాను, ఆ రోడ్డు నా కంటికి ఎప్పుడూ ఆనలేదు. తొడుగుని దీపం కిందికి తెచ్చుకున్న రాత్రి కనిపించింది. సాస్కటూన్ బయట రోడ్లు అలాగే ఉంటాయి, ఎంత దూరమైనా మలుపుండదు.

తొమ్మిదోది ‘డాన్ హ్వాన్స్ రెక్‌లెస్ డాటర్’. పదహారు నిమిషాల పాట ఒకటుంది, ఎల్పీలో ఒక పక్కంతా అదే. ఇది అందరికీ ఎక్కదు, నేనూ ఏడాదికి ఒకసారే వింటాను. పదోది ‘మింగస్’. జాజ్ విద్వాంసుడు చార్లెస్ మింగస్ నరాల జబ్బుతో చక్రాల కుర్చీకి పరిమితమైన రోజుల్లో, తన బాణీలకి మాటలు రాసి పాడమని ఈమెని అడిగాడు. పని నడుస్తుండగానే, 1979 జనవరిలో, మెక్సికోలో కన్నుమూశాడు. ఆల్బమ్ ఆ ఏడాది వేసవిలో వచ్చింది. పాటల మధ్యలో ఆయన మాటలు, నవ్వులు వినిపిస్తాయి. ఖాళీ తొడుగు పట్టుకుని మూడు నెలలు వెతికినందుకేమో, నాకీ డిస్కంటే ప్రత్యేకమైన ప్రేమ.

పెట్టెలో లోపాలూ చెప్పాలి. ఎల్పీ అట్ట మీది అక్షరాల్ని సీడీ సైజుకి కుదించేశారు, పాటల మాటలు చదవడం భూతద్దంతో కూడా కష్టమే. మనలాంటివాళ్లకి మాటలు ఎదురుగా ఉంటే తప్ప ఆమె ఇంగ్లీషు పూర్తిగా అందదు. ఆమె అధికారిక వెబ్‌సైటులో ప్రతి పాటకీ మాటలున్నాయి, పెద్ద అక్షరాలతో అచ్చు తీయించి పెట్టుకోండి. నేను అలాగే చేశాను. ఆ కాయితాలు ఇప్పటికి నలిగిపోయాయి.

రెండో సంగతి, ఇది ఆమె జీవితమంతా కాదు. 1979 దగ్గర ఆగిపోతుంది, కచేరీ ఆల్బమ్‌లు కూడా ఇందులో లేవు. ఈమధ్య ఇవే ఆల్బమ్‌లని కొత్తగా శుభ్రం చేసి 2021, 2022, 2024ల్లో మూడు పెట్టెలుగా తెచ్చారు. రెండు కచేరీ ఆల్బమ్‌లు కూడా వాటిలో చేర్చారు. 2021 పెట్టెలో మొదటి ఆల్బమ్‌ని ఆమె పర్యవేక్షణలో మళ్లీ మిక్స్ చేశారు, నేను చెప్పిన దుప్పటి చాలావరకు తొలగింది. చేతిలో డబ్బు ఆడుతుంటే అవే కొనండి. లేకపోతే 2012 పెట్టె నిక్షేపంగా సరిపోతుంది.

ఏది కొన్నా, 2000లో వచ్చిన ‘బోత్ సైడ్స్ నౌ’ ఆల్బమ్ ఒక్కటి విడిగా తెచ్చుకోండి. 1969 నాటి ‘క్లౌడ్స్’లో చివరి పాటని అందులో పెద్ద ఆర్కెస్ట్రాతో మళ్లీ పాడింది. తొమ్మిదేళ్ల వయసు నుంచి సిగరెట్లు కాల్చిన గొంతు. పాతికేళ్ల నాటి పిట్టకూత ఎటో పోయి, బొంగురుగా, కింది స్థాయిలో, ఒక్కో మాటనీ తూచి పెడుతుంది. రెండూ ఒకదాని వెంట ఒకటి మా అమ్మకి వినిపించాను. ‘మొదట పాడింది కూతురా? తర్వాతది తల్లా?’ అని అడిగింది. ఇద్దరూ ఒకరేనని చెప్పాక మళ్లీ పెట్టమంది.

ఇక ఫోను సంగతి. 2022 జనవరిలో, కోవిడ్ టీకాల మీద తప్పుడు ప్రచారానికి చోటిస్తున్నారని కెనడా గాయకుడే అయిన నీల్ యంగ్, ఫోన్లో పాటలు వినిపించే స్పాటిఫై నుంచి తన పాటలు తీసేయించాడు, వెంటనే జోనీ కూడా తీసేయించింది. ఇద్దరూ టీకా లేని రోజుల్లో పోలియో పడ్డ పిల్లలు. వాళ్ల బాధ నాకు అర్థమైంది. 2024 మార్చిలోగానీ పాటలు తిరిగి రాలేదు. ఆ రెండేళ్లూ మా అక్క కూతురు ఆదివారం ఆదివారం మా ఇంటికొచ్చి ఈ పెట్టె ముందు కూర్చునేది. 2015లో మెదడులో రక్తనాళం దెబ్బతిని నడక, మాట మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చిన జోనీ, 2022 జూలైలో అమెరికాలోని న్యూపోర్ట్ సంగీతోత్సవం వేదిక మీద హఠాత్తుగా గిటారు అందుకుని ‘జస్ట్ లైక్ దిస్ ట్రెయిన్’ వాయించింది. వేళ్లు ఎక్కడ పెట్టాలో తన పాత వీడియోలు చూసి మళ్లీ నేర్చుకుందట. ఆ వీడియో చూసిన రోజున మేమిద్దరం ఆరో డిస్కు తీసి అదే పాట పెట్టుకున్నాం. నిలబడే విన్నాం.

వారానికి ఒక ఆల్బమ్ చాలు, పది వారాలు పడుతుంది. మీ అమ్మాయికి కూడా చెప్పండి, అక్కడ తనూ అదే వారం అదే ఆల్బమ్ వింటే ఫోన్లో మాట్లాడుకోవడానికి బోలెడుంటుంది. మన వైపు వానాకాలంలో అట్ట తొడుగులకి చెమ్మ పట్టి బూజు వస్తుంది, పెట్టెలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. ‘హిస్సింగ్’ దగ్గరకి వచ్చాక ఎలా ఉందో ఇక్కడే రాయండి, నేను చూస్తుంటాను.