కరెంటుతో పాటు రైలూ పోయింది

ప్రశ్న: సార్, మాది పర్లాకిమిడి. నౌపడ నుంచి మా ఊరి మీదుగా గుణుపురం వెళ్లిన పాత చిన్న రైలు కబుర్లు మా తాతయ్య ఇప్పటికీ చెబుతుంటారు. ఆయన పుట్టినరోజుకి ఆ రైలుని బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో 40 సెకన్ల యానిమేషన్‌గా చేశాను. శనివారం రాత్రి 9కి రెండర్ పెట్టాను, అంటే కంప్యూటర్ ఒక్కో ఫ్రేమునీ గీసి వీడియోగా చేసే పని. ఫ్రేముకి 2 నిమిషాలు. ఆదివారం రాత్రి గాలివానకి కరెంటు పోయింది. అప్పటికి 700 ఫ్రేములయ్యాయి. ఎంపీ4 ఫైలు కనిపిస్తోంది గానీ ఓపెన్ కావడం లేదు. మళ్లీ మొదటి నుంచీ పెట్టాలా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: పెట్టాల్సిందే బాబూ. బరంపురంలో పెళ్లి వీడియోలు చేసే రోజుల్లో నేనూ ఇలాగే ఒక టైటిల్ పోగొట్టుకున్నాను. పెళ్లివారికి ఏం చెప్పానో అడక్కండి.

ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే పట్టికని ఎంపీ4 మామూలుగా చివర్లో రాసుకుంటుంది. గూడ్సు బండి వచ్చింది, ఏ పెట్టెలో ఏముందో రాసిన చీటీ మాత్రం రాలేదు. మీ ఫైలు పరిస్థితి అదే. రిపేరు సాఫ్ట్‌వేర్లున్నాయి గానీ వాటిని నమ్ముకుని కూర్చోకండి.

సెకనుకి 24 చొప్పున మీవి 960 ఫ్రేములు, అంటే 32 గంటల పని. అంతసేపు కరెంటు పోకుండా ఉంటుందని మన ఊళ్లలో ఎవరూ పందెం కాయరు. అందుకే అవుట్‌పుట్‌లో వీడియో బదులు పీఎన్‌జీ అనే బొమ్మల ఫార్మాట్ ఎంచుకోండి. ఒక్కో ఫ్రేము ఒక్కో బొమ్మగా ఫోల్డర్లో పడుతుంది. ఉన్న ఫైలు మీదే మళ్లీ రాసే ఓవర్‌రైట్ టిక్కు తీసేయండి. కరెంటు వచ్చాక మళ్లీ రెండర్ నొక్కితే ఉన్నవాటిని వదిలేసి మిగిలినవే చేస్తుంది. నొక్కే ముందు ఫోల్డర్ని సైజు ప్రకారం అమర్చి చూడండి. 0 బైట్ల ఫైలు ఉంటే తీసేయండి, చివరిగా పడినదాన్ని కూడా తీసేయండి. సగం రాసిన బొమ్మ అయినా సరే, పేరు ఉంది కదా అని బ్లెండర్ దాన్ని దాటిపోతుంది.

ఇంజన్ పొగని సిమ్యులేషన్‌తో చేశారా? అయితే ముందే బేక్ చేసి ఉంచండి, అంటే పొగ కదలికనంతా ముందే లెక్కగట్టి డిస్కులో దాచుకోవడం. లేకపోతే మధ్యలో ఆగి మళ్లీ మొదలైనప్పుడు పొగ సరిగ్గా రాదు.

సైకిల్స్‌లో (బ్లెండర్‌లోని ఒక రెండర్ పద్ధతి) శాంపిళ్లు, అంటే ఒక్కో చుక్కకి వెలుగుని ఎన్నిసార్లు లెక్కగట్టాలో చెప్పే అంకె, 4096 అనే ఉంచేశారేమో చూడండి. మచ్చల్ని తుడిచే డీనాయిజ్ పెట్టి 256తో ఒక్క ఫ్రేము తీసి చూడండి. నాకైతే చాలాసార్లు అదే సరిపోయింది.

బొమ్మలన్నీ వచ్చాక బ్లెండర్‌లోనే ఉన్న ఎడిటింగ్ భాగం వీడియో సీక్వెన్సర్లో ఇమేజ్ సీక్వెన్సుగా చేర్చి, హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతిలో ఎంపీ4 తీయండి. ఇది ఎక్కువసేపు పట్టదు, మధ్యలో ఆగినా బొమ్మలు భద్రం. ఫ్రేమ్ రేటు 24 ఉండాలి. 30 పెడితే మీ రైలు 32 సెకన్లకే ఊరు దాటేస్తుంది. తాతయ్య ఊరుకోరు, అది అంత జోరుగా పోయే బండి కాదు. రంగులు వెలిసినట్టు కనిపిస్తే బ్లెండర్ రంగుల సెట్టింగ్ వ్యూ ట్రాన్స్‌ఫామ్‌ని స్టాండర్డ్‌కి మార్చండి.

ఇంకొకటి. శబ్దాన్ని ఏ పద్ధతిలో రాయాలో చెప్పే ఆడియో కోడెక్ దగ్గర మామూలుగా 'నో ఆడియో' అని ఉంటుంది. అక్కడ ఏఏసీ పెట్టకపోతే మీరు ఎంత కష్టపడి చేర్చినా కూత వినిపించదు.