బీకాం అమ్మాయికి డేటా గవర్నెన్స్ ఉద్యోగం: చేరవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసింది. హైదరాబాదులో ఒక విదేశీ బ్యాంకు జీసీసీలో (తన పనుల కోసం ఆ బ్యాంకు ఇక్కడ పెట్టుకున్న సొంత కేంద్రంలో) 'డేటా గవర్నెన్స్ అనలిస్ట్'గా ఉద్యోగం వచ్చింది. కోడింగ్ పెద్దగా ఉండదట. 'అది కొత్త పేరు పెట్టిన గుమాస్తా పని, నాలుగేళ్లలో ఏఐ మింగేస్తుంది' అని బంధువులు భయపెడుతున్నారు. ముందుగా ఎనభై వేలు కట్టి తమ కోర్సు చేయాలని ఒక శిక్షణ సంస్థ వాళ్లు అంటున్నారు. ఇంకో సంగతి. ఇంతకుముందు ఇంటర్న్‌షిప్ చేసిన చోట, స్కాలర్‌షిప్ పరీక్ష కోసం సేకరించిన విద్యార్థుల ఫోన్ నంబర్లు ఇచ్చి, కోర్సులు అమ్మడానికి వాళ్లకు ఫోన్లు చేయమన్నారట. మా అమ్మాయి చేయనని చెప్పి మానేసి వచ్చింది. ఇలాంటి పిల్ల ఆఫీసుల్లో నెగ్గుకు రాగలదా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు చివర అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. మీ అమ్మాయి ఈ ఉద్యోగానికి తగినదన్న నమ్మకం నాకు అక్కడే కలిగింది. డేటా గవర్నెన్స్ అంటే సంస్థ దగ్గరున్న వివరాలను ఎవరు దేనికి వాడవచ్చు, వాటికి ఎవరు జవాబుదారీ అన్నది చూసుకోవడం. ఒక పని కోసం తీసుకున్న వివరాలను ఇంకో పనికి వాడవచ్చా అని ఆగి అడగడం ఈ వృత్తిలో సగం పని. పిల్లలున్న ఇళ్లలో ఈ బాధ తెలియనివారు లేరు. పదో తరగతి పరీక్షలు ముగిశాయో లేదో, ఏ కాలేజీకీ నంబరు ఇవ్వని తల్లిదండ్రులకు కూడా ఫోన్లు మొదలవుతాయి. పిల్ల పేరు, బడి పేరు అన్నీ వాళ్లే చెబుతారు. అవి ఎక్కడో ఏదో దరఖాస్తులో మనమే నమ్మి రాసిచ్చిన వివరాలు. వాటిని అక్కడి నుంచి దాటించినవారు ఒకరుంటారు, చూస్తూ ఊరుకున్నవారు మరికొందరు ఉంటారు. మీ అమ్మాయి ఊరుకోలేదు. అందుకు మీరు దిగులు పడకండి, గర్వపడండి.

ఇన్నాళ్లూ అలా కాదన్నవారికి చట్టం అండ అంతంతమాత్రమే. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. ఆరేళ్ల తర్వాత, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థలు తమ ప్రధాన బాధ్యతలకు సిద్ధపడడానికి అప్పటి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. తగిన భద్రతా ఏర్పాట్లు చేయక డేటా బయటికి పొక్కితే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండవచ్చు. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు వాడాలంటే ముందుగా తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలి, ఆ సమ్మతి నిజమైనదేనని నిర్ధారించుకోవాలి. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లిషులో గానీ, ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు కల్పించాలి. ఆ భాషల్లో తెలుగూ ఉంది. నోటీసును లాయరు భాషలో కాకుండా, సంతకం పెట్టే మనిషికి తెలిసే తెలుగులో రాయగలవారు ఎంతమంది ఉన్నారో చెప్పండి. మీ అమ్మాయికి తెలుగు చక్కగా వచ్చి ఉంటే, ఈ రంగంలో అది ఒక అర్హతే.

ఇక గుమాస్తా పని అన్న మాట. నా సొంత సంగతి ఒకటి చెబుతాను. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంది. ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంది. పాన్ కార్డులో చివరికి పోయింది. పేరులోని 'వెంకట' ఇంగ్లిషు స్పెల్లింగు ఒక్కో చోట ఒక్కో రకం. దాంతో ఒక బ్యాంకు నన్ను ఇద్దరు మనుషులుగా నమోదు చేసుకుంది. ఒకరికి డిపాజిట్ ఉంది, మరొకరికి అప్పు ఉంది. నా గృహరుణం మూడు నెలలు ఆగిపోయింది. కౌంటరులో ఉన్న ఉద్యోగి తప్పేమీ లేదు. ఆ రెండు రికార్డులూ ఒకే మనిషివని తేల్చే అధికారం ఎవరిదో ఆ బ్యాంకులో ఎవరూ రాసి పెట్టుకోలేదు, అంతే.

దాన్ని రాసి పెట్టించడమే మీ అమ్మాయి చేయబోయే పని. 'కస్టమర్' అంటే ఎవరు? ఖాతా మూసేసిన వ్యక్తి ఇంకా కస్టమరేనా? ఉమ్మడి ఖాతా ఉన్న భార్యాభర్తలు ఒకరా, ఇద్దరా? రుణాల విభాగం ఒకటంటుంది, డిపాజిట్ల విభాగం ఇంకొకటంటుంది. ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక నిర్వచనానికి ఒప్పించాలి. దానికి జవాబుదారీగా ఉండే 'డేటా ఓనర్' ఎవరో, రోజువారీ బాగోగులు చూసే 'డేటా స్టీవార్డ్' ఎవరో రాయించాలి. నివేదికలోని ఒక అంకె ఏ సిస్టంలో పుట్టి, ఎన్ని చేతులు మారి, ఎక్కడెక్కడ మార్పు చెంది అక్కడికి చేరిందో గీసి చూపించాలి. దాన్నే వాళ్లు 'లీనియేజ్' అంటారు. పాస్‌బుక్కుకూ క్యాష్‌బుక్కుకూ నిల్వలు కలవనప్పుడు తేడా ఎక్కడుందో దొరికేదాకా వదలకపోవడం బీకాంలో నేర్పేదే కదా! ఈ పనికి అదే బుద్ధి కావాలి.

మన ఊళ్లలో లెక్కలు రాసిన కరణాలను పెద్దవాళ్లు గుర్తు చేసుకుంటే అందులో గౌరవంతోపాటు భయమూ వినిపిస్తుంది. పుస్తకం, కలం, మార్పు చేసే వీలు అన్నీ ఒక్కరి చేతిలోనే ఉండేవి. 1984లో ఆ పదవులను రద్దు చేశారు గానీ, ఆ చిక్కు కంప్యూటర్లలోనూ తీరలేదు. రికార్డు ఎవరు మార్చవచ్చు, ఎవరు ఆమోదించాలి, ఎప్పుడు మారిందన్న ఆనవాలు ఎక్కడ ఉంటుంది? ఈ ప్రశ్నలకు జవాబు రాసేవారిని గుమాస్తా అని తీసిపారేయకండి.

బ్యాంకులకు ఈ పని ఎందుకింత ముఖ్యమైందో కూడా చెప్పాలి. 2008 సంక్షోభంలో కూలిపోతున్న సంస్థల దగ్గర తమ డబ్బు మొత్తం ఎంత ఇరుక్కుందో పెద్ద పెద్ద బ్యాంకులే వెంటనే లెక్క తేల్చుకోలేకపోయాయి. లెక్కలు ఒక్కో దేశంలో, ఒక్కో విభాగంలో విడివిడిగా ఉండిపోయాయి. అందుకే 2013 జనవరిలో బాసెల్ కమిటీ (బ్యాంకుల పర్యవేక్షణకు అంతర్జాతీయ ప్రమాణాలు రూపొందించే సంఘం) రిస్కు డేటాను కూర్చే పద్ధతిపై 14 సూత్రాలు ప్రకటించింది. వీటిని 'బీసీబీఎస్ 239' అంటారు. ఉద్యోగంలో చేరితే మీ అమ్మాయి ఈ పేరు వినడం ఖాయం. 2020 అక్టోబరులో అమెరికా నియంత్రణ సంస్థ ఓసీసీ, డేటా గవర్నెన్స్‌తో సహా నియంత్రణ లోపాలున్నాయని సిటీబ్యాంకుకు 40 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఆ లోపాలను సరిదిద్దడంలో తగినంత ముందుకు సాగలేదని 2024 జులైలో ఓసీసీ, ఫెడరల్ రిజర్వ్ కలిసి మరో 13.6 కోట్ల డాలర్లు వేశాయి. అలాంటి భారీ బ్యాంకుల పని ఇవాళ ఎంతో కొంత హైదరాబాదులో జరుగుతోంది. కాబట్టి ఈ ఉద్యోగాలు మోజుతో పుట్టినవి కావు, నియంత్రణ సంస్థల ఒత్తిడితో పుట్టినవి.

ఏఐ గురించి మీకు అబద్ధపు ధైర్యం చెప్పను. ఒకే మనిషివిగా కనిపించే రికార్డులను జతపరచడం, సంస్థలో ఏ డేటా ఎక్కడుందో చెప్పే కేటలాగ్‌లో వివరణలు నింపడం లాంటి పనులు ఇప్పటికే చాలావరకు టూల్స్ చేస్తున్నాయి. ఆ పనిలోనే మూడేళ్లు ఉండిపోతే మీ బంధువుల భయమే నిజమవుతుంది. తేల్చి సంతకం పెట్టే చోటికి ఆమె ఎదగాలి. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భృతి విషయంలో వేలాది కుటుంబాలపై మోసగాళ్లన్న ముద్ర పడింది. రెండు దేశాల పౌరసత్వం ఉందా లేదా అన్న వివరాన్ని కూడా అనుమానితులను ఏరడానికి వాడారు. ఆ వివరం తప్పు కాదు, వాడిన తీరు ఘోరం. 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది. 'ఈ వివరాన్ని ఈ పనికి వాడకూడదు' అని లోపల నుంచి గట్టిగా చెప్పి, ఆ మాట నిలబెట్టుకోగల ఉద్యోగి విలువ యంత్రాలు పెరిగేకొద్దీ పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఎనభై వేలు కట్టవద్దు. ఆఫర్ చేతిలో ఉన్న పిల్లకు ఆ కోర్సుతో పనిలేదు. చేరేలోపు ఎస్‌క్యూఎల్ (డేటాబేసులోంచి కావలసిన వివరాలు రాబట్టే కంప్యూటర్ భాష) నేర్చుకోమనండి. ఉచిత పాఠాలు కావలసినన్ని ఉన్నాయి, రోజుకు గంట చొప్పున రెండు నెలలు చాలు. కోడింగ్ లేదన్నారని దీన్ని వదిలేస్తే, ప్రతి చిన్న లెక్కకూ ఇంకొకరి ముందు నిలబడాలి. ఎక్సెల్ వచ్చు కదా అని ధీమా కూడా పనికిరాదు. 2020లో బ్రిటన్‌లో కొవిడ్ ఫలితాలను పాత రకం ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కించారు. ఆ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. దాదాపు 16 వేల కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి, వాళ్లను కలిసినవారిని వెతకడం ఆలస్యమైంది. సర్టిఫికెట్ల సంగతి ఏడాది పని చేశాక చూసుకోవచ్చు. డేటా నిర్వహణ వైపు మొగ్గితే డామా సంస్థ ఇచ్చే సీడీఎంపీ, గోప్యత వైపు వెళ్లాలనుకుంటే ఐఏపీపీ పరీక్షలు, మన దేశంలోనైతే డీఎస్‌సీఐ ఇచ్చే డీసీపీపీ ఉన్నాయి. ఆ ఫీజును చాలా కంపెనీలు తామే భరిస్తాయి కూడా.

సంతకం పెట్టే ముందు హెచ్ఆర్‌ను కాదు, తను ఎవరి కింద పని చేయబోతోందో ఆ మేనేజరును రెండు ప్రశ్నలు అడగమనండి. 'మా బృందం అభ్యంతరం చెబితే ఒక ప్రాజెక్టు ఆగిన సందర్భం ఉందా?' అన్నది మొదటిది. ఒక్కటీ చెప్పలేకపోతే ఆ విభాగం ఆడిటర్లకు చూపించడానికే ఉందని అనుమానించాలి. 'ఏడాది తర్వాత నేను ఏ డేటాకు బాధ్యురాలిగా ఉంటాను?' అన్నది రెండోది. సూటిగా జవాబు వస్తే చేరవచ్చు. అమెరికా వేళలకు తగ్గట్టు రాత్రి సమావేశాలు ఉంటాయేమో కూడా కనుక్కోండి. ఈ పనిలో మెప్పు తక్కువ, అంతా సజావుగా ఉన్నంత కాలం మీ అమ్మాయి ఉందని కూడా ఎవరికీ గుర్తుండదు. ఆ సంగతి తనకు ముందే తెలియాలి.

ఈ ఆదివారం ఇంట్లో ఒక పని చేయించండి. ఇంటిల్లిపాది ఆధార్, పాన్, పదో తరగతి మెమో, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం ఉంటే అదీ బయటికి తీయండి. ఒక్కొక్కరి పేరు, పుట్టిన తేదీ ఏ కాగితంలో ఎలా ఉన్నాయో ఒక పట్టికలో రాయమనండి. తేడా ఉన్న ప్రతిచోటా ఏది సరైనది, అది సరైనదని తేల్చవలసింది ఎవరు, దిద్దాలంటే ఏ కార్యాలయానికి ఏ రుజువుతో వెళ్లాలో పక్కనే రాయాలి. అరగంటకే విసిగి లేచిపోతే నాకు మళ్లీ రాయండి, వేరే దారి ఆలోచిద్దాం. భోజనానికి పిలిచినా 'ఒక్క నిమిషం అమ్మా, నాన్న పుట్టిన తేదీ కలవడం లేదు' అంటూ కూర్చుంటే, సోమవారం ఆ ఆఫర్ మీద సంతకం పెట్టించండి.