అమెరికాలో అన్ని లక్షల డాలర్లు పోసి కొనే ఇళ్ళని చెక్కతో ఎందుకు కడతారు? లోపల వంటగది, హాలు కలిపేసి ఎందుకు ఉంటాయి?

నేను టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కో వైపు ఉంటాను. ఆర్కిటెక్ట్‌ని కాదు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా ఇల్లు పునాది దగ్గర నుంచి తాళాలు చేతికొచ్చేదాకా వారాంతాల్లో వెళ్ళి చూస్తూ ఉండేవాణ్ణి, ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

నా లెక్కలో ఒక్క విషయం పట్టుకుంటే అమెరికా ఇల్లు చాలావరకు అర్థమైపోతుంది: ఇక్కడి గోడ బోలుగా ఉంటుంది. మన దగ్గర ముందు ఇటుక గోడ లేస్తుంది, తర్వాత దాన్ని గాడి కొట్టి కరెంటు పైపు పెట్టి, మళ్ళీ సిమెంటు పూస్తారు. ఇక్కడ ముందు చెక్క ఫ్రేము నిలబెడతారు. ఆ ఖాళీల్లోంచి వైర్లు, నీళ్ళ గొట్టాలు పోనిస్తారు, బయటి గోడల్లో దూదిలాంటి ఇన్సులేషన్ కూరుతారు, అన్నీ అయ్యాకే పైన బోర్డు మూస్తారు. వీడియోల్లో కనిపించే ‘అట్ట గోడ’ ఆ బోర్డే. మనవాళ్ళు ఫాల్స్ సీలింగ్‌కి వాడే జిప్సం బోర్డూ ఇదీ ఒకటే. ఇక్కడ డ్రైవాల్ అంటారు, మామూలుగా అరంగుళం మందం.

ఫ్రేముకి వాడే చెక్క పేరు టూ బై ఫోర్. పేరుకి రెండంగుళాలు, నాలుగంగుళాలు గానీ టేపు పెట్టి కొలిస్తే ఒకటిన్నర, మూడున్నరే ఉంటుంది. వీటిని నిలువుగా, సాధారణంగా 16 అంగుళాలకి ఒకటి చొప్పున నిలబెడతారు. అలా నిలబెట్టినదాన్ని స్టడ్ అంటారు. డ్రైవాల్ షీటు వెడల్పు 4 అడుగులు, అంటే 48 అంగుళాలు. మూడు పదహార్లు నలభై ఎనిమిది కాబట్టి షీటు అంచు సరిగ్గా ఒక స్టడ్ మీదే వచ్చి ఆగుతుంది, కోత తక్కువ, వృథా తక్కువ. షాపుల్లో దొరికే సామాను చాలావరకు ఈ కొలతలకి తగ్గట్టే ఉంటుంది. మా ఇంటి ఫ్రేమింగ్ జరుగుతున్నప్పుడు ఒక శనివారం వెళ్తే కింది అంతస్తు గోడలు మాత్రమే ఉన్నాయి, మళ్ళీ శనివారానికి పైకప్పు ఆకారం వచ్చేసింది.

ఈ పద్ధతి 1830ల్లో చికాగో ప్రాంతంలో ఊపందుకుంది. అంతకుముందు లావుపాటి దూలాలని చెక్కి, ఒకదాంట్లో ఒకటి బిగించాలంటే చేయి తిరిగిన వడ్రంగులు కావాలి. రంపపు మిల్లుల్లో కోసిన సన్నటి చెక్క, యంత్రంతో చేసిన మేకులు చవకగా దొరకడం మొదలయ్యాక ఆ అవసరం తగ్గింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1947 నుంచి న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో లెవిట్ కంపెనీ లెవిట్‌టౌన్ అనే ఊరే కట్టేసింది. కార్ల ఫ్యాక్టరీలో కారు జట్టు నుంచి జట్టుకి కదులుతుంది. ఇక్కడ ఇల్లు కదలదు కాబట్టి పనివాళ్ళే ఇంటి నుంచి ఇంటికి కదిలేవారు, ఒక్కో జట్టుకి ఒక్కటే పని. మొదట కట్టిన ఇళ్ళు సుమారు 750 చదరపు అడుగులు. (అందులో నల్లజాతి వాళ్ళకి ఇల్లు ఇవ్వకూడదని ఒప్పందాల్లోనే రాసుకున్నారు. అమెరికా సబర్బ్‌ల (ఊరి శివారు కాలనీల) చరిత్ర చెప్పేటప్పుడు అది దాటేయడం నాకు నచ్చదు.) ఇవాళ మా కాలనీలో జరిగేదీ అదే పద్ధతి: పునాది జట్టు వేరు, ఫ్రేము జట్టు వేరు, డ్రైవాల్ జట్టు వేరు. మనిషి కూలి ఖరీదైన దేశం, అడవులు విస్తారంగా ఉన్న దేశం. చెక్క వాడటానికి పెద్ద కారణం అదే. ఇంకోటి, మీరు చెప్పే లక్షల డాలర్లలో స్థలం, కూలి, రోడ్లూ డ్రైనేజీ ఖర్చు, బిల్డర్ లాభం అన్నీ ఉన్నాయి. గోడ ధర మాత్రమే కాదు.

‘మరి తగలబడదా?’ అని మా నాన్నగారు కూడా అడిగారు. చెక్క తగలబడుతుంది, అందులో అనుమానం లేదు. కానీ జిప్సంలో రసాయనికంగా కలిసి ఉన్న నీళ్ళుంటాయి. మంట తగిలినప్పుడు ఆ నీళ్ళు ఆవిరయ్యేదాకా వెనక ఉన్న చెక్కకి వేడి త్వరగా చేరదు, మనుషులు బయటపడటానికి సమయం దొరుకుతుంది. పడగ్గదికి మనిషి పట్టేంత కిటికీ ఉండాలని నిబంధన పెట్టింది కూడా అందుకే. భూకంపానికైతే తేలికగా, కాస్త ఊగే స్వభావంతో ఉన్న చెక్క ఇల్లే నయం, అందుకే కాలిఫోర్నియాలో ఇది బాగా చెల్లుతుంది. పెద్ద టోర్నడో నేరుగా వస్తే మాత్రం నిలవదు. అలాగని దేశమంతా చెక్కే అనుకోకండి. దక్షిణ ఫ్లోరిడాలో కాంక్రీటు దిమ్మెల గోడలు మామూలు, 1992లో ఆండ్రూ తుఫాను తర్వాత అక్కడ నిబంధనలు ఇంకా బిగించారు.

మా టెక్సస్ ఇళ్ళు చూస్తే ఇటుక ఇళ్ళలా ఉంటాయి. ఆ ఇటుక అలంకారమే, బరువంతా లోపలి చెక్క మోస్తుంది. ఇటుకకీ చెక్కకీ మధ్య కాస్త గాలి సందు ఉంటుంది, అడుగు వరసలో అక్కడక్కడా సన్నటి ఖాళీలు వదుల్తారు. లోపలికి దిగిన వాన నీళ్ళు వాటిలోంచి బయటికి పోవాలి. చీమలొస్తున్నాయని వాటిని మూసేసే మనవాళ్ళని చూశాను, దయచేసి ఆ పని చెయ్యకండి. ఇక ఇక్కడి మట్టి అచ్చంగా మన నల్లరేగడే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. అందుకే సెల్లార్ తవ్వరు, స్టీలు తీగలు బిగించిన కాంక్రీటు స్లాబు మీద ఇల్లు నిలబెడతారు. వేసవిలో పునాది చుట్టూ పైపుతో తడి పెడుతుంటాం. మొదట్లో మా అత్తగారు ‘మొక్కలు లేని చోట నీళ్ళెందుకు?’ అని నవ్వేవారు. న్యూజెర్సీలో ఉండే మా బావగారి ఇంటికైతే చక్కటి బేస్‌మెంట్ ఉంది. చలికాలంలో నేల గడ్డకట్టే లోతు కంటే కిందికి పునాది దించాలి, ఎలాగూ తవ్వుతున్నారు కాబట్టి అక్కడ ఒక గది వచ్చేస్తుంది.

బోలు గోడ మేలు ఏమిటో నాకు 2021 ఫిబ్రవరిలో తెలిసింది. ఆ మంచు తుఫానుకి టెక్సస్‌లో కరెంటు పోయి, చాలా ఇళ్ళలో అటకమీది గొట్టాలు గడ్డకట్టి పగిలాయి. మా హాలు సీలింగ్ (అదీ ఇదే బోర్డు) తడిసి ఒక ముక్క ఊడి కింద పడింది. ఇల్లు పోయిందనే టెన్షన్‌లో ఉంటే, వచ్చినతను తడిసిన మేర చదరంగా కోసేసి, గొట్టం మార్చి, ఆరాక కొత్త ముక్క స్క్రూలతో బిగించి, అతుకు మీద టేపు వేసి లప్పం పట్టించాడు. ఇక్కడి గోడలకి నారింజ తొక్కలా గరుకుగా ఒక టెక్స్చర్ కొడతారు. అది కలిసేలా కొట్టి రంగు వేశాక అతుకు ఎక్కడుందో కనిపెట్టలేం. అదే గోడకి నష్టం కూడా ఉంది. గదుల మధ్య గోడల్లో సాధారణంగా ఇన్సులేషన్ పెట్టరు, పక్క గదిలో ఫోను మాట్లాడితే వినిపిస్తుంది. పై అంతస్తులో పిల్లలు గెంతితే కింద మీటింగులో ఉన్న నాకు ప్రతి అడుగూ లెక్కకొస్తుంది. టీవీ బిగించాలంటే స్టడ్ ఎక్కడుందో వెతికే చిన్న పరికరం కొనాలి, వట్టి డ్రైవాల్‌కి బిగిస్తే టీవీతో పాటు గోడ ముక్క కూడా వస్తుంది.

వంటగది సంగతి. హాలు, భోజనాల చోటు, వంటగది కలిపేయడం పాత అలవాటు కాదు. ఒకప్పుడు ఇక్కడ కూడా వంటగది వెనకవైపు తలుపేసి ఉండేది. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే పేరుమోసిన ఆర్కిటెక్ట్ 1937లో విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో కట్టిన జేకబ్స్ ఇంట్లో వంటచోటు కూర్చునే గదివైపు తెరుచుకుని ఉంటుంది, నౌకర్లు లేని మామూలు కుటుంబం కోసం అనుకున్న ఇల్లు అది. వంట చేస్తూ పిల్లల్ని చూసుకోవచ్చనే ఆలోచన బాగానే ఉంది. కానీ ఆ వంటలో మన ఎండుమిర్చి తాలింపు లేదు! స్టవ్ మీద వేలాడే మైక్రోవేవ్‌కి ఉండే ఫ్యాను చాలా ఇళ్ళలో పొగని బయటికి పంపదు, ఫిల్టర్‌లోంచి మళ్ళీ మన మొహం మీదికే వదుల్తుంది. ఆ గాలిని ఇల్లంతటికీ గాలి పంపే ఏసీ లాక్కుని పడగ్గదుల దాకా పంచుతుంది, కార్పెట్ దాన్ని వదలదు. కొత్త ఇల్లు బుక్ చేసేవాళ్ళు గ్రానైట్ రంగు గురించి అంత ఆలోచించేముందు, పొగ బయటికి పోయే చిమ్నీని, అదనంగా డబ్బు కట్టయినా సరే, పెట్టించుకోండి. అన్నిటికంటే పనికొచ్చే ఖర్చు అది. మా వీధిలో కొందరు తెలుగువాళ్ళు గరాజ్‌లోనో పెరట్లోనో రెండో స్టవ్ పెట్టుకుని వేపుళ్ళు అక్కడే చేస్తారు.

గృహప్రవేశంలో ఇంకో గొడవ. పొగ అలారాలన్నీ ఒకదానికొకటి కలిపి ఉంటాయి, ఒకటి మోగితే ఇల్లంతా మోగుతుంది. హోమం పాషియోలో (పెరటి వైపు ఆరుబయట అరుగులాంటి చోటు) పెట్టుకుందామని మా పురోహితుడే ముందు చెప్పారు. బాత్రూముల్లో స్నానం చేసే చోట తప్ప నేల మీద నీళ్ళు పోయే దారి ఉండదు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇది ముందే చెప్పాలి, పై బాత్రూములో బకెట్ ఒలికితే కింది సీలింగ్ మీద మరక పడుతుంది. పూజగదికి మెట్ల కింది క్లోజెట్ (సామాను పెట్టుకునే చిన్న గది) గానీ ప్యాంట్రీ (వంట సరుకుల గది) పక్క మూల గానీ సరిపెట్టుకునేవాళ్ళు ఎక్కువ. తూర్పు ముఖం స్థలం కోసం మనవాళ్ళు ఆగుతారని ఇక్కడి బిల్డర్ల సేల్స్ వాళ్ళకి బాగా తెలుసు.

కట్టించుకుంటుంటే, డ్రైవాల్ మూసే ముందు సొంతంగా ఒక ఇన్‌స్పెక్టర్‌ని పెట్టి ఫ్రేము, గొట్టాలు చూపించండి. లోపల ఏది ఎక్కడుందో తర్వాత తెలిసేలా, అదే రోజు ప్రతి గోడకీ కొలత టేపు ఆనించి ఫోటోలు తీయండి. టీవీ వచ్చే చోట, దేవుడి అర వచ్చే చోట స్టడ్‌ల మధ్య అడ్డంగా చెక్క కొట్టించమని అడగండి. ఆ దశలో అది పావుగంట పని, బోర్డు మూశాక అదే పనికి గోడ కోయాలి.