అమ్మ పింఛను, అమ్మ కన్ను

"పల్లెటూళ్ళో ఉన్న పేద కుటుంబానికి ప్రభుత్వం నేరుగా డబ్బిస్తే నిజంగా ఏమైనా మారుతుందా, లేక జనం పనికి పోవడం మానేస్తారా?" అని మీరు అడిగారు. ఈ ప్రశ్న చూడగానే నాకు మా అమ్మ కన్ను గుర్తొచ్చింది. అందుకే రాస్తున్నాను.

మాది ఆంధ్రలో కదిరి దగ్గర ఒక చిన్న ఊరు. నేను పదహారేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాను, బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. నాన్న 2012లో పోయాడు. అప్పుడు అమ్మకు వచ్చిన వితంతు పింఛను నెలకు 200 రూపాయలు. 2014 అక్టోబరులో అది వెయ్యి అయింది. 2019లో రెండు వేలు, మళ్ళీ అదే ఏడాది 2250, ఆ తర్వాత మెల్లగా పెరిగి 2024 జనవరికి 3000, జులైకి 4000. ఎవరి ప్రభుత్వం ఎంత పెంచిందన్న వాదనలోకి నేను పోను, ఆ గొడవ పడేవాళ్ళు చాలామంది ఉన్నారు. రెండు వందలు వచ్చేటప్పుడు మా అమ్మ ఎలా మాట్లాడేదో, నాలుగు వేలు వస్తుంటే ఎలా మాట్లాడుతోందో నాకు తెలుసు. అదే చెబుతాను.

అమ్మ అన్న దగ్గర ఉంటుంది. అన్న మంచివాడు, వదినా మంచిదే. కానీ నాలుగెకరాల వాన చేనులో శెనక్కాయలు వేసుకుని బతికే ఇంట్లో చేతిలో డబ్బు ఎప్పుడుంటుంది? నేను పంపుతానంటే కూతురి సొమ్ము తినకూడదంటుంది. వక్కాకు కొనుక్కోవాలన్నా కోడలి మొహం చూడాలి. ఒక్కోసారి నాకు ఫోన్ చేసేది, ఏదో అడగబోయేది, గొంతు దాకా వచ్చేది. "ఏం ల్యా పాపా, ఊరికే చేసినా" అని పెట్టేసేది. ఆ "ఏం ల్యా" వెనక ఏముందో నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు.

2023 దసరాకు అమ్మ మా ఇంటికి వచ్చింది. వంటింట్లో కింద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నేను పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్నా. చూస్తే అమ్మ చూపు చేట మీద లేదు, ఎదురుగా గోడ మీద ఉంది. వేళ్ళు మాత్రం బియ్యంలో మెల్లగా తిరుగుతున్నాయి. రాయి తగిలితే గోటితో పట్టుకుని పక్కన పెడుతోంది. కళ్ళతో చేయాల్సిన పని వేళ్ళతో చేస్తోంది. అడిగితే ఎడమ కన్ను ఏడాదిగా మసకగా ఉందంది. శుక్లం.

పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో కంటి ఆపరేషన్‌కు పైసా తీసుకోరు. మా వైపు ఈ సంగతి తెలియని మనిషి లేడు, అమ్మకూ తెలుసు. మరి ఎందుకు పోలేదు? ఎందుకంటే ఉచిత ఆపరేషన్‌కు పోవడానికి కూడా డబ్బు కావాలి. మసక కంటితో ఒక్కతే పోవడం కుదరదు, తోడు ఒకరుండాలి. ఆ తోడు వచ్చేవాళ్ళకు ఆ రోజు కూలి పోతుంది. ఒకసారి చూపించుకోవడానికి, ఒకసారి ఆపరేషన్‌కు, మళ్ళీ ఒకసారి కట్టు విప్పాక చూపించుకోవడానికి పోవాలి. బస్సులు మారాలి, బయట తినాలి. అన్నను అడిగితే పంట వచ్చాక అంటాడు, అది అబద్ధం కాదు. నేను లీవు పెట్టి వస్తానన్నాను, నెలాఖరు జీతాల పని తగులుకుంది, తర్వాత పాప పరీక్షలు. ఇలా ఎనిమిది నెలలు గడిచిపోయాయి. ఈ ఎనిమిది నెలలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

2024 జులై 1 పొద్దున్నే గ్రామ సచివాలయం ఉద్యోగి ఇంటికి వచ్చి అమ్మ చేతిలో 7000 పెట్టాడు. కొత్త పింఛను నాలుగు వేలు, ఏప్రిల్ నుంచి మూడు నెలలకు వెయ్యి చొప్పున బకాయి మూడు వేలు. ఒకే రోజు, ఒకే చేతికి ఏడు వేలు. అమ్మ జీవితంలో తన సొంత డబ్బు అంత ఎప్పుడూ చూడలేదు.

రెండు వారాల తర్వాత ఫోన్. "పాపా, కన్ను చేయించుకున్నా." నాకు ఒక్క క్షణం ఏమీ తోచలేదు. ఎవరితో పోయినావంటే పక్కింటి అక్కతో అంది. ఆమెకు ముందే చెప్పిందట, "నీ కూలి నేనిస్తా, నాతో రా" అని. రోజుకు నాలుగు వందలు, మూడు రోజులకు పన్నెండు వందలు, మొదటి రోజు కూలి చేతిలో పెట్టి మరీ బయల్దేరింది. బస్సు ఛార్జీలు ఇద్దరివీ తనే పెట్టింది. ఆడవాళ్ళకు ఉచిత బస్సు మా రాష్ట్రంలో 2025 ఆగస్టు 15న గానీ రాలేదు. పుట్టపర్తి బస్టాండులో ఇద్దరూ ఇడ్లీ తిన్నారు, ఆ డబ్బూ తనే ఇచ్చింది. ఇదంతా నాకు పైసలతో సహా లెక్క చెప్పింది, ఎంత సంతోషంగా చెప్పిందో! నాకొక మాట చెప్పొద్దా, అన్నకైనా చెప్పొద్దా అని కోపంగా అడిగాను. అమ్మ నిదానంగా అంది: "ఎవురికి చెప్పల్ల? నా దుడ్లు, నా కన్ను."

మిగిలిన దాంట్లో రెండు వేలు అన్నకు యూరియాకు ఇచ్చింది. అన్న అడిగాడు, అమ్మ ఇచ్చింది. మా ఇంట్లో అలా జరగడం అదే మొదటిసారి.

ఇక మీ రెండో మాట, జనం పని మానేస్తారని. చింతపండు కాలం వస్తే మా ఊళ్ళో ఆడవాళ్ళు చెట్ల కింద, వరండాల్లో కూర్చుని కాయలు కొట్టి గింజలు తీస్తారు, కిలోకు ఇంత అని కూలి. కన్ను మసకబారాక అమ్మ ఆ పని మానేసింది, వేలి మీద కొట్టుకుంటోందని. ఆపరేషన్ తర్వాత వచ్చిన ఎండాకాలం మళ్ళీ పోయింది. అరవై ఆరేళ్ళ మనిషి. పింఛను వచ్చి పని మానలేదు, పింఛను వల్ల పనికి పోగలిగింది. సోమరితనం గురించి మాట్లాడేవాళ్ళు ఆ చింతపండు వరండాలో ఒక్క గంట కూర్చుని చూడాలి.

మగవాళ్ళు తాగేస్తారన్నది ఇంకో మాట. 2011లో మధ్యప్రదేశ్‌లో 'సేవా' (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం, యూనిసెఫ్ సాయంతో కొన్ని ఊళ్ళలో ఇది పరీక్షించి చూసింది. ఏ షరతూ లేకుండా పెద్దవాళ్ళకు నెలకు 200, పిల్లలకు 100, తర్వాత 300, 150 ఇచ్చారు. ఆడవాళ్ళ డబ్బు ఆడవాళ్ళకే. తిండి మెరుగుపడింది, పిల్లలు బడికి పోవడం పెరిగింది, తాగుడు పెరగలేదు. తాగేవాడు పథకం లేకపోయినా తాగుతాడు, మా ఊళ్ళో నేను చూశాను. తేడా ఒక్కటే, ఆ డబ్బు ఎవరి చేతికి వస్తోందన్నది. మా ఫ్యాక్టరీలో కన్నడ టైలర్లకు కర్ణాటక ప్రభుత్వ గృహలక్ష్మి పథకం కింద నెలకు 2000 ఇంటి పెద్ద అయిన ఆడమనిషి ఖాతాలోనే పడుతుంది. ఆ డబ్బుతో చీటీ కడుతున్నామని, పిల్లల ట్యూషన్‌కు పెడుతున్నామని భోజనాల దగ్గర చెప్పుకుంటారు.

అదే బెంచీ మీద మదనపల్లె వైపు నుంచి, హిందూపురం వైపు నుంచి వచ్చిన మనవాళ్ళు కూర్చుని ఉంటారు. అదే మిషను, అదే జీతం. రేషన్ కార్డు ఊళ్ళో ఉంది కాబట్టి గృహలక్ష్మి రాదు. ఆధార్‌లో ఆంధ్ర అడ్రసు కాబట్టి కర్ణాటక ఆడవాళ్ళకు ఉచితమైన బీఎంటీసీ సిటీ బస్సులో వీళ్ళు టికెట్ కొనాలి. పక్క సీటులో ఆమెకు సున్నా టికెట్, వీళ్ళకు డబ్బు టికెట్. పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళు ఏ రాష్ట్రం లెక్కలోనూ పడటం లేదు. దీని గురించి ఏ పార్టీవాళ్ళూ మాట్లాడగా నేను వినలేదు.

భూమి లెక్కన ఇచ్చే డబ్బు మీద నాకు మరీ కోపం. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు పంటకు ఎకరాకు 4000, తర్వాత 5000. పది ఎకరాలుంటే రెండు పంటలకు కలిపి ఏడాదికి లక్ష. అలా అందుకున్న ఒకాయన నాకు తెలుసు, ఇక్కడే ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం, చేను చూసి పదేళ్ళయింది. ఆ చేను దున్నే కౌలు మనిషికి ఒక్క రూపాయి రాలేదు. ఆంధ్రలో కౌలు రైతులకు కార్డులిచ్చే చట్టం 2019లో వచ్చింది గానీ, భూమి యజమాని ఒప్పుకోనిదే కార్డు రాదు. ఎవరు ఒప్పుకుంటారు?

అయినా సొంత చేనున్న మా అన్న లాంటివాళ్ళకు అది పనికొచ్చింది, తేదీ కలిసొచ్చింది కాబట్టి. ఆంధ్ర ప్రభుత్వం రైతు భరోసా, కేంద్రం పీఎం కిసాన్ కలిపి మే నెలలో 7500 పడేది, విత్తనానికి ముందు. అంతకు ముందు అన్న మండీ ఆయన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి, కాయలు ఆయనకే, ఆయన చెప్పిన ధరకే తోలేవాడు. 7500తో విత్తనం ఖర్చు మొత్తం తీరదు. కానీ అప్పు సగమైంది, ఒక ఏడాది కాయలు వేరేచోట తోలే ధైర్యం వచ్చింది. అదే డబ్బు ఆగస్టులో పడి ఉంటే ఆయన వడ్డీకే పోయేది.

ఇంకొకటి. ముసలివాళ్ళకు మాత్రం దయచేసి ఖాతాలో వేయకండి. 2024 ఎన్నికల ముందు ఇంటింటికీ పింఛను తెచ్చిచ్చే వాలంటీర్లను పక్కన పెట్టినప్పుడు మే, జూన్ పింఛన్లు బ్యాంకులో పడ్డాయి. అమ్మ మే నెల ఎండలో మండలానికి పోయి రెండు గంటలు వరసలో నిలబడింది. ఖాతా ఏళ్ళ తరబడి వాడలేదని ఏవో ఛార్జీలు కోసుకుని మిగిలింది చేతిలో పెట్టారు. వేలిముద్ర నాలుగుసార్లకు గానీ పడలేదు. చింతపండు, శెనక్కాయలు ఒలిచిన వేళ్ళకు గీతలెక్కడ మిగులుతాయి? ఇంటికి తెచ్చి చేతికివ్వడమే సరైన పద్ధతి, దీని మీద నాతో ఎవరు వాదించినా ఒప్పుకోను.

ఇప్పుడు కుడి కంట్లో కూడా శుక్లం మొదలైందట. సంక్రాంతి తర్వాత పోతానంది. ఈసారి నేను లీవు పెట్టి తప్పకుండా వస్తానన్నాను. "నీ జీతం పోగొట్టుకుని నువ్వెందుకు పాపా" అంది అమ్మ. పక్కింటి అక్కతో అప్పుడే మాట్లాడుకుందట. కూలి పెరిగింది, ఈసారి రోజుకు ఐదు వందలు.