వార్డు మీటింగులో మాట్లాడబోయే పాపకి చిన్నాయన రాసేది

పాపా,

నీ మెసేజ్ నిన్న రాత్రే చదివినా. ఫోన్లో చెప్తే గాలికి పోతుంది, రాస్తే నీ దగ్గర ఉంటుందని కూర్చొని రాస్తున్నా. బెంగళూరులో మీ ఏరియాలో చెత్త ఆటోల మీద పనిచేసే ఆడోళ్ళకి కాంట్రాక్టర్ మూడు నెలలుగా జీతం ఇవ్వలేదని, వాళ్ళ తరఫున వార్డు మీటింగులో మాట్లాడతానని, కానీ ఏ భాషలో మాట్లాడాలో తెలియట్లేదని అడిగినావు. ఇది చిన్న ప్రశ్న కాదు. యూనియన్లో ఉన్నన్నాళ్ళూ నేను చూసింది ఏంటంటే, డిమాండ్ ఎంత న్యాయమైనదైనా సరే, అది ఏ భాషలో బయటికొచ్చింది, ఏ పేరుతో పిలవబడింది, చివరికి కాయితం మీద ఏ వాక్యంగా పడింది, దాన్ని బట్టే దాని తలరాత ఉంటుంది.

కన్నడలో మాట్లాడు. వచ్చీరాని కన్నడైనా పర్లేదు. నువ్వు ఇంగ్లీషులో మొదలుపెడితే ఇంజనీర్ సార్ తల ఊపుతాడు, అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చినోళ్ళు బాగా చెప్పినావని మెచ్చుకుంటారు, వెనక గోడకి ఆనుకొని నిలబడిన ఆ ఆడోళ్ళకి మాత్రం తమ గురించే మాట్లాడుతున్నారన్న సంగతి కూడా తెలియదు, వాళ్ళ జీతం వాళ్ళ చేతుల్లోంచి జారిపోయి నీ ఉపన్యాసం అయిపోతుంది. హిందీలో అంటే ఇంక చెప్పనక్కర్లేదు, మాట జీతం మీద నుంచి హిందీ మీదికి పోతుంది, ఆ రోజుకి మీటింగ్ అయిపోయినట్టే. అదే నువ్వు లేచి "మూరు తింగళు ఆయ్తు స్వామి, సంబళ బందిల్ల" (మూడు నెలలైంది స్వామీ, జీతం రాలేదు) అని ఒక్క ముక్క చెప్పినావనుకో, రూములో అందరికీ ఒకేసారి అర్థమవుతుంది, జవాబు కూడా అదే భాషలో అందరి ముందరా చెప్పాల్సి వస్తుంది. ఆ ఆడోళ్ళకి కన్నడ బాగానే అర్థమవుతుంది, ఇంగ్లీషే అర్థం కాదు.

మరి నా తెలుగు వదిలేసుకోవాలా చిన్నాయనా అని రాసినావు. ఎవరు వదిలేయమన్నారు తల్లీ. మన రాయదుర్గం 1953 దాకా బళ్ళారి జిల్లాలోనే ఉండేది. 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో నిరాహార దీక్షలో ప్రాణం వదిలినాక, మరుసటి ఏడాది అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది కదా, అప్పుడు గీత గీస్తే బళ్ళారి తాలూకా మైసూరు వైపు పోయింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం మన వైపు వచ్చినాయి. మీ తాత చెప్పేవాడు, గీత పడిన తర్వాత కూడా సంతలో బేరాలు రెండు భాషల్లోనే నడిచినాయని. అందుకే మన ఇంట్లో ఎవరికీ కన్నడ పరాయి భాషగా ఎప్పుడూ అనిపించలేదు. ఇంకో మాట గుర్తుపెట్టుకో. మన పెద్దోళ్ళు మద్రాసు రాష్ట్రంలో ఉండి ఏం అడిగినారు? కచేరీలో, కోర్టులో, బడిలో మా భాష ఉండాలని, సర్కారు మాతో మా భాషలో మాట్లాడాలని. 1982లో గోకాక్ చళవళి, అదే గోకాక్ ఉద్యమం, అప్పుడు కన్నడ నటుడు రాజ్‌కుమార్ గారు ముందు నడిస్తే జనం రోడ్ల మీదికి వచ్చి బడిలో కన్నడకి మొదటి స్థానం ఇవ్వమని అడిగింది కూడా అదే కోవలోది. మనకి న్యాయమైంది కన్నడోళ్ళకి ఎట్లా అన్యాయమవుతుంది? 2024లో షాపు బోర్డుల్లో 60 శాతం కన్నడ ఉండాలని చట్టం తెచ్చినారు, నా లెక్కలో అది సబబే. రాళ్ళేసి బోర్డులు పగలగొట్టడం మాత్రం తప్పు. ఈ రెండూ ఒకే నోటితో చెప్పగలిగితే నిన్ను ఎవరూ ఏ మూలకీ నెట్టలేరు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట. మీటింగులో "మన తెలుగోళ్ళు" అన్న మాట నీ నోట్లోంచి రాకూడదు. నిజమే, ఆ ఆడోళ్ళలో చాలామంది అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి వచ్చినోళ్ళే, ఈ ఊరు ఊడ్చేవాళ్ళలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే దళితులే అని బెంగళూరులో అందరికీ తెలుసు. కానీ నువ్వు ఆ మాట అన్న మరుక్షణం జీతం రాని మనిషి బయట నుంచి వచ్చిన మనిషి అయిపోతుంది. కాంట్రాక్టర్‌కి కావాల్సింది కూడా అదే. జీతం ఎగ్గొట్టినావని అడిగితే జవాబు చెప్పాలి, తెలుగోళ్ళు గొడవ చేస్తున్నారంటే జవాబే అక్కర్లేదు.

1980-81లో ఈ ఊర్లో పబ్లిక్ సెక్టార్ ఫ్యాక్టరీల స్ట్రైక్ జరిగింది, 77 రోజులు. నేను అప్పుడు కుర్రోణ్ణి. గేట్ మీటింగుల్లో ఒకరు కన్నడలో మాట్లాడితే తర్వాత ఇంకొకరు తమిళంలో, ఆ తర్వాత తెలుగులో, మలయాళంలో చెప్పేవాళ్ళు, కానీ అందరూ చెప్పేది ఒకటే లెక్క, బేసిక్ ఎంత, డీఏ ఎంత. ఎవరూ మావాళ్ళు మీవాళ్ళు అనలేదు, ఎందుకంటే పే స్లిప్పు అందరిదీ ఒకటే. ఆ స్ట్రైక్‌లో అనుకున్నది రాలేదు, జనం అలిసిపోయినారు. ఆ తర్వాత సంవత్సరాల్లో అదే షాప్ ఫ్లోర్ మీద కన్నడ వాళ్ళెంతమంది, బయటోళ్ళెంతమంది అన్న లెక్క మొదలైంది, నిన్నటి దాకా ఒకే టిఫిన్ డబ్బా తిన్నోళ్ళు ఎదురెదురు కూర్చోవడం నా కళ్ళతో చూసినా. కన్నడ అడగడంలో తప్పు లేదని పైన రాసినా కదా, ఆ అడగడాన్ని అడ్డం పెట్టుకొని కార్మికుణ్ణి రెండు ముక్కలు చేసినోళ్ళు వేరే. 1991 డిసెంబర్లో కావేరి గొడవ వచ్చినప్పుడు ఈ ఊర్లో తమిళం మాట్లాడే పేదోళ్ళ గుడిసెల మీద పడినారు, నీళ్ళ పంపకంతో వాళ్ళకి ఏం సంబంధం? 1994 అక్టోబర్లో దూరదర్శన్‌లో పది నిమిషాల ఉర్దూ వార్తలు వేస్తే దాని మీద మంటలు రేగి ప్రాణాలు పోయినాయి. పది నిమిషాల వార్తలు పాపా. ఇవి చూసినోణ్ణి కాబట్టే చెప్తున్నా, పేదోళ్ళకి మాత్రమే సంబంధించిన విషయాన్ని భాషల గొడవగా మార్చడం చాలా సులువు, తిరిగి జీతం దగ్గరికి తీసుకురావడం చాలా కష్టం.

పేర్ల సంగతి చూడు. రోడ్లు ఊడ్చేవాళ్ళని ఒకప్పుడు కన్నడలో జాడమాలి అనేవాళ్ళు, తర్వాత పౌరకార్మికులు అన్నారు. పేరు మారితే కడుపు నిండుతుందా అని ఎగతాళి చేసినోళ్ళు ఉన్నారు. కానీ కార్మికురాలు అన్న పేరు వచ్చినాకే కదా కార్మికురాలికి ఉండే హక్కులు ఏవి అని అడగడానికి దారి దొరికింది. 2022 జూలైలో పర్మనెంట్ చేయమని సమ్మెకి దిగినారు, సర్కారు మాట ఇవ్వాల్సి వచ్చింది, 2025 మే డే నాడు బెంగళూరులో 12 వేల మందికి పైగా ఆర్డర్లు ఇచ్చినారు. మీ ఏరియా ఆటోల మీద ఉండే ఆడోళ్ళని ఏమంటున్నారు? హెల్పర్లు. ఎవరికి హెల్పర్లు? తెల్లారకముందే మస్టరింగ్‌కి, అంటే హాజరు వేయించుకోవడానికి, వచ్చి, ఇల్లిల్లూ తిరిగి, తడి చెత్త పొడి చెత్త చేత్తో వేరు చేసేది వాళ్ళయితే ఇంకెవరికి సాయం చేస్తున్నట్టు? నువ్వు మీటింగులో ఒక్కసారి కూడా హెల్పర్ అనొద్దు, కార్మికరు అను. వాళ్ళు హెల్పర్ అంటే అననీ, నువ్వు మాత్రం మార్చుకోవద్దు.

ఇంకోటి, వాళ్ళలో ఒక పెద్దామెని మాట్లాడించు. భయపడతారు, రెండు రోజుల ముందే ఇంటికి పోయి తెలుగులో కూర్చొని మాట్లాడు, ఏం చెప్పాలో నువ్వు నేర్పొద్దు, ఆమె చెప్పేది విను చాలు. మీటింగులో ఆమె తెలుగులోనే చెప్తానంటే చెప్పనీ, నువ్వు పక్కన నిలబడి కన్నడలోకి చెప్పు. ఇక్కడే చదువుకున్న పిల్లలు చాలామంది చెడగొడతారు. ఆమె అయిదు నిమిషాలు చెప్తుంది, "మూడు నెలలు రాలేదు సామీ, పాప ఫీజు కట్టలేదని బడి నుంచి పంపించేసినారు, వడ్డీకి పదివేలు తెచ్చినా, మేస్త్రీని అడిగితే రేపటి నుంచి రావొద్దన్నాడు" అని. వీళ్ళు దాన్ని పట్టుకొని "పేమెంట్ ఇష్యూస్ ఉన్నాయంటున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఫీజు పోయింది, వడ్డీ పోయింది, అన్నిటికన్నా ముఖ్యం, మేస్త్రీ బెదిరింపు పోయింది. నువ్వు అట్లా చేయొద్దు. ఆమె నేను అంటే నువ్వూ కన్నడలో నాను అనే చెప్పు, "అంటున్నారు" అని దూరం జరగొద్దు. ఆమె ఆగిన చోట ఆగు. ఏ తేదీ చెప్పిందో, ఎంత రూపాయలు చెప్పిందో అట్లాగే చెప్పు.

అంతా అయినాక క్లర్క్ నడవళి, అంటే మీటింగ్ మినిట్స్, రాస్తాడు చూడు, అసలు యుద్ధం అక్కడే. చాలామంది మాట్లాడేసి గెలిచినామనుకొని టీ తాగడానికి పోతారు. ఒక వార్డులో నేను ఉండగానే జరిగింది, గంటన్నర సేపు అందరూ మాట్లాడినారు, సార్లు కూడా తప్పే అన్నట్టు తల దించుకున్నారు. తర్వాత నడవళి తెప్పించుకొని చూస్తే ఒక్కటే లైను, "స్వచ్ఛతా కార్మికర సమస్యెగళ బగ్గె చర్చిసలాయితు." పారిశుద్ధ్య కార్మికుల సమస్యల గురించి చర్చించడమైనది అని. ఎవరు చర్చించినారు, ఎవరు ఏం ఒప్పుకున్నారు, ఎప్పట్లోగా చేస్తారు, ఏమీ లేదు. మన తెలుగు ఆఫీసుల్లో కూడా ఇదే కదా, చర్యలు తీసుకోబడును, పరిశీలించడమైనది. ఆ వాక్యంలో మనిషే ఉండడు. మనిషి లేని చోట రేపు ఎవరిని పట్టుకుంటావు? కార్పొరేటర్ ఉంటే వాళ్ళింటి ముందు కూర్చోవచ్చు, 2020 సెప్టెంబర్లో కౌన్సిల్ గడువు అయిపోయినాక ఏళ్ళ తరబడి ఈ ఊర్లో కార్పొరేటర్లే లేకుండా పోయినారు, అంతా అధికారుల చేతిలోనే నడిచింది, కాబట్టి ఆ కాయితమే నీకు దిక్కు. నువ్వు క్లర్క్ పక్కకి పోయి కుర్చీ వేసుకొని కూర్చో. మర్యాదగానే అడుగు, "సర్, ఏ అధికారి, ఏ తేదీలోగా, ఎంత డబ్బు ఇప్పిస్తానన్నారో అది బరీరి" అని, అంటే రాయండి అని. హోదా రాయించు, తేదీ రాయించు. విసుక్కుంటారు, విసుక్కోనీ. రాసింది అక్కడే అందరికీ గట్టిగా చదివి వినిపించమని అడుగు, ఫోటో తీసుకో. అరిచి గోల చేసేవాళ్ళ కన్నా, ఒక్క వాక్యానికి కర్తని పెట్టించినవాళ్ళే ఎక్కువ పని సాధించడం చూసినా నేను.

అర్జీ గురించి. రాజ్యాంగంలో 350వ అధికరణం ఉంది, కేంద్రంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా తన కష్టం చెప్పుకుంటూ అర్జీ ఇచ్చే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. కాబట్టి ఆ ఆడోళ్ళు తెలుగులో చెప్పింది చెప్పినట్టు రాసి వేలిముద్ర వేయించు, దాన్ని కన్నడ అర్జీ వెనక జోడించు. తెలుగు కాయితం మేం తీసుకోం అని వాళ్ళంటే ఆ అధికరణం నంబర్ చెప్పు, కానీ దాని కోసం అక్కడ తగాదా పెట్టుకోవద్దు, నీ పని జీతం. ఆర్‌టీఐ (సమాచార హక్కు) మాత్రం వేరే, 2005 చట్టంలో 6వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో, లేదంటే ఆ ప్రాంతం అధికార భాషలో ఉండాలి, అంటే ఇక్కడ కన్నడ. కన్నడలోనే వెయ్యి. రాయడం రానివాళ్ళు నోటితో చెప్తే రాసిపెట్టడానికి సాయం చేయాల్సిన బాధ్యత సమాచార అధికారికి ఉందని కూడా అదే సెక్షన్లో ఉంది, ఇది చాలామందికి తెలియదు. ఏం అడగాలంటే, ఆ మూడు నెలలకి కాంట్రాక్టర్‌కి ఎంత బిల్లు పాస్ అయింది, ఏ తేదీన, హాజరు పట్టీలో ఎంతమంది పేర్లున్నాయి, వాళ్ళకి పీఎఫ్ ఈఎస్ఐ కట్టిన రసీదులు. "జీతాలు ఎందుకివ్వలేదు" అని అడగొద్దు, ఎందుకు అన్నదానికి ఆర్‌టీఐలో జవాబు రాదు, రికార్డు అడుగు.

ఆటో డ్రైవర్‌తో భాష గొడవల వీడియోలు నాకు పంపుతుంటావు, అవి ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు. రేపు మీటింగులో నీకు పక్కన నిలబడాల్సింది ఆ ఆటో డ్రైవర్ లాంటోళ్ళే.

అర్జీ కన్నడలో ముందు నువ్వే రాయి, గూగుల్‌లో పెట్టి తిప్పినది వద్దు, అది క్లర్క్ భాషలోనే వస్తుంది, మళ్ళీ ఆ చర్చిసలాయితు బాపతే. నీకొచ్చిన కన్నడలో చిన్న చిన్న వాక్యాలు రాసి ఫోటో పంపు, స్పెల్లింగులు నేను దిద్దుతా, మా పాత యూనియన్ ఫ్రెండుకి కూడా చూపిస్తా, ఆయన ధారవాడ మనిషి, కాయితం కన్నడ ఆయనకి బాగా తెలుసు. ముందు రోజు రాత్రి పంపితే పనికాదు, గురువారం లోపల పంపు. ఆ పెద్దామె పేరు, ఆమె చెప్పిన తేదీలు కూడా వేరే కాయితంలో రాసి పెట్టు, మీటింగుకి నేనూ వస్తా కానీ వెనకే కూర్చుంటా, మాట్లాడేది మీరే.

మీ చిన్నాయన