తుపాను గాలి ఒక్క రోజు, దాని ఇబ్బంది వారం: విశాఖకు కొత్తగా వచ్చిన కుటుంబానికి ఒక జవాబు

హైదరాబాద్ నుంచి ఇటీవలే విశాఖపట్నానికి మారామని, సముద్రానికి దగ్గరలో ఒక అపార్టుమెంట్ మూడో అంతస్తులో ఉంటున్నామని, ఇంట్లో మీ దంపతులతో పాటు చిన్న పాప, ఇన్సులిన్ వాడే అత్తగారు ఉన్నారని రాశారు. తుపానుల కాలానికి ఇంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి, ఆన్‌లైన్‌లో అమ్మే రెడీమేడ్ ఎమర్జెన్సీ బ్యాగు కొనవచ్చా, ఊరు విడిచి వెళ్లవలసి వస్తే ఎప్పుడు వెళ్లాలి అన్నవి మీ ప్రశ్నలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం దగ్గర తీరం దాటినప్పుడు మేము సీతమ్మధారలో, ఇలాంటి అపార్టుమెంట్‌లోనే, మంచం పట్టిన నాన్నగారితో ఉన్నాము. అప్పుడు చూసినదాన్ని బట్టి, ఆ తర్వాత మా ఇంట్లో ఏటా పాటిస్తున్నదాన్ని బట్టి చెబుతున్నాను.

అందరూ గాలికి సిద్ధపడతారు. సరిగ్గా కట్టిన కాంక్రీటు ఇంట్లో, కిటికీలకు దూరంగా, లోపలి గదిలో కూర్చుంటే ఆ గాలి ఒక పూటలో గడిచిపోతుంది. కష్టం మర్నాటి నుంచి మొదలవుతుంది. హుద్‌హుద్ గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. చెట్లు కూలి వీధులు మూసుకుపోయాయి, కరెంటు స్తంభాలు వరుసగా ఒరిగిపోయాయి, సెల్‌ఫోన్ టవర్లు మూగబోయాయి. కరెంటు లేనందున మోటారు లేదు, మోటారు లేనందున మేడ మీద ట్యాంకులో నీళ్లు లేవు, పెట్రోలు బంకుల ముందు బారులు, పాల ప్యాకెట్టుకూ నీళ్ల క్యానుకూ అమ్మేవాడు చెప్పిందే ధర. చాలా కాలనీలకు కరెంటు రావడానికి రోజులు పట్టింది. అందువల్ల మీరు వేసుకునే లెక్క ఏదైనా వారం రోజులకు వేసుకోండి.

మొదటి లెక్క నీళ్లది. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు 3 నుంచి 4 లీటర్లు అనుకుంటే, మీ నలుగురికి వారానికి దాదాపు 100 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఐదు. తుపాను హెచ్చరిక వచ్చిన సాయంత్రం క్యాన్ల దుకాణం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రెండు క్యాన్లు ఎప్పుడూ అదనంగా ఉంచి, వాడుతూ మారుస్తూ ఉండండి. మిగతావాటిని హెచ్చరిక వచ్చిన మొదటి రోజే నింపుకోండి. స్నానాలకూ బాత్రూముకూ వేరే నీళ్లు కావాలి: బిందెలు, బకెట్లు, ఇంట్లో ఉన్న పెద్ద డబ్బాలు అన్నీ నింపండి. మేడ మీది సింటెక్స్ ట్యాంకును నిండా పెట్టించమని వాచ్‌మన్‌కు చెప్పండి. నీళ్ల కోసమే కాదు, ఖాళీ ట్యాంకును ఆ గాలి ఎత్తి పక్క మేడ మీద పడేస్తుంది. సంపు మూత బిగుతుగా లేకపోతే వాన నీరూ మురుగూ అందులోకి దిగుతాయి. అనుమానం ఉంటే ఆ నీటిని బాగా తెర్లే దాకా కాచి గాని, క్లోరిన్ బిళ్ల వేసి ప్యాకెట్టు మీద చెప్పినంత సేపు ఆగి గాని తాగండి.

మీ అత్తగారి ఇన్సులిన్ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇటువంటి జాబితాల్లో 'మందులు' అనే ఒక్క మాటతో దీన్ని దాటేస్తారు. తలుపు తీయకుండా ఉంచిన ఫ్రిజ్ సుమారు 4 గంటలే చల్లగా ఉంటుంది. ముందు రోజే నీళ్ల సీసాలను ఫ్రీజర్‌లో గడ్డకట్టించి పెట్టుకుంటే ఇంకొంత సేపు ఆగుతుంది. ప్రస్తుతం వాడుతున్న పెన్ను లేదా సీసాను, చాలా రకాల విషయంలో, వేడి 30 డిగ్రీలు మించని చోట సుమారు నాలుగు వారాలు బయట ఉంచవచ్చు. రకాన్ని బట్టి ఈ గడువు మారుతుంది కనుక పెట్టెలోని కాగితం ఇప్పుడే చదివి, మీ డాక్టరు గారిని ఒక మాట అడిగి, గడువు తేదీని పెన్ను మీద రాసి పెట్టండి. ఇంకా తెరవని వాటికి మేము చేసే ఏర్పాటు ఇది. ఒక పెద్ద మట్టికుండలో అడుగున ఇసుక పోసి, అందులో చిన్న కుండను నిలబెట్టి, రెండింటి మధ్య సందును కూడా ఇసుకతో నింపి, ఆ ఇసుకను పూటకోసారి తడుపుతాము. ఇన్సులిన్‌ను జిప్ కవరులో వేసి లోపలి కుండలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, గాలి ఆడే నీడపట్టున ఉంచుతాము. ఇసుక తడి ఆరుతున్నంత సేపూ లోపల చల్లగా ఉంటుంది. ఫ్రిజ్ అంత చల్లదనం రాదు గాని, ఉక్కపోసే గది కంటే ఎంతో మేలు. ఐసు ముక్కల్లో మాత్రం నేరుగా పెట్టకండి. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగిన తర్వాత కూడా పనికిరాదు. గ్లూకోమీటర్ స్ట్రిప్పులు, సూదులు, షుగరు పడిపోతే ఇవ్వడానికి గ్లూకోజు పొడి ఆ కుండ పక్కనే ఒక డబ్బాలో ఉండాలి.

తిండికి పెద్ద ఆలోచన అక్కరలేదు. అటుకులు, మరమరాలు, బెల్లం, వేరుశనగలు, పాపకు పాలపొడి, నిండుగా ఉన్న ఒక గ్యాస్ బండ చాలు. మన వంటిళ్లలో వారానికి సరిపడా బియ్యం, పప్పు ఎలాగూ ఉంటాయి.

డబ్బు విషయంలో 2014 కంటే ఇప్పుడే మనం బలహీనంగా ఉన్నామని నా అభిప్రాయం. అప్పటికి యూపీఐ లేదు, ప్రతి ఇంట్లో కొంత నగదు ఉండేది. అయినా ఏటీఎంలు పనిచేయక జనం అల్లాడారు. ఇవాళ కూరగాయల బండి దగ్గర కూడా ఫోనే చూపిస్తున్నాము, టవరు పోతే ఆ ఫోను ఎందుకూ కొరగాదు. వారం ఖర్చుకు సరిపోయే మొత్తాన్ని పది, ఇరవై, యాభై, వంద నోట్లుగా ఇంట్లో ఉంచండి. ఆ రోజుల్లో అయిదువందల నోటుకు చిల్లర ఇచ్చేవారు దొరకరు. ముఖ్యమైన ఫోన్ నంబర్లను కాగితం మీద రాసి గోడకు అంటించండి. అత్యవసర సాయానికి 112, అంబులెన్సుకు 108, కరెంటుకు 1912, జిల్లా కంట్రోల్ రూముకు 1077, రాష్ట్ర విపత్తుల కేంద్రానికి 1070 అందులో ఉండాలి. హైదరాబాద్‌లోని మీ వారిలో ఒకరిని అందరికీ మధ్యవర్తిగా అనుకోండి: కాల్ కలవకపోయినా ఒక్కోసారి ఎస్సెమ్మెస్ వెళుతుంది కాబట్టి ఇంట్లో ఎవరికి సిగ్నలు దొరికినా ఆయనకు ఒక మెసేజ్ పెడితే, మిగతా బంధువులకు ఆయనే చెబుతారు. సెల్స్‌తో నడిచే చిన్న రేడియో ఒకటి కొనండి. కొవ్వొత్తుల కంటే టార్చిలైట్లు నయం, పసిపిల్ల ఉన్న ఇంట్లో మరీను.

తీరం దాటే రోజున చేయవలసినవి కొన్నే. బాల్కనీలోని పూలకుండీలు, బట్టల స్టాండు, డిష్ యాంటెన్నా ముందు రోజే లోపలికి చేరాలి. గాలిలో అవి రాళ్లతో సమానం. కిటికీ అద్దాలకు అడ్డంగా టేపు అంటిస్తే అద్దం పగలదని చాలామంది నమ్ముతారు, పగులుతుంది. తలుపులన్నీ వేసి, తెరలు దించి, అద్దాల కిటికీలున్న గదిలో ఎవరూ లేకుండా చూసుకోవడమే సరైన రక్షణ. స్లైడింగ్ కిటికీల గాడిలోంచి నీళ్లు ధారగా వస్తాయి కనుక పాత దుప్పట్లు దగ్గర ఉంచుకోండి. తుపాను కన్ను, అంటే దాని నడిమి భాగం, మన మీదుగా వెళితే గాలి హఠాత్తుగా ఆగిపోతుంది. హుద్‌హుద్ నాడు మధ్యాహ్నం వేళ అలా ఆగింది. మా వీధిలో కొందరు అయిపోయిందనుకుని కార్లు చూసుకోవడానికి కిందికి దిగారు. కొంతసేపటికే గాలి అవతలి దిక్కు నుంచి అంతే జోరుగా అందుకుంది. పొద్దుటి దెబ్బకు ఒరిగి నిలిచిన చెట్లు ఈసారి కూలాయి. తుపాను బలహీనపడిందని వాతావరణ శాఖ చెప్పేదాకా గడప దాటవద్దు.

అపార్టుమెంట్ మొత్తం కలిసి చేయవలసిన పనులు వేరే ఉన్నాయి. లిఫ్టును పై అంతస్తులో ఆపి కరెంటు తీసేయాలి, లేకపోతే కింది గుంటలో చేరిన నీళ్లకు పాడవుతుంది. జనరేటర్‌ను మూసిన సెల్లారులో నడపనివ్వకండి, దాని పొగ ప్రాణం తీస్తుంది. ఒక గొడ్డలి, ఒక రంపం, మోకు కొని వాచ్‌మన్ గదిలో పెట్టించండి. మా వీధిని తెరిచింది మున్సిపాలిటీ కంటే ముందు ఈ మూడే. కరెంటు తిరిగి వచ్చేటప్పుడు ఓల్టేజీ ఎగిరిపడుతుంది, మెయిన్ కట్టేసి ఉంచి కాసేపటి తర్వాత వేయండి. నేల మీద పడిన తీగను చచ్చిన తీగ అనుకోకండి.

వరద సంగతి వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ అజిత్‌సింగ్ నగర్ మునిగినప్పుడు అక్కడి మా పిన్ని వాళ్లు మేడ మీదే చిక్కుకున్నారు. చుట్టూ నీళ్లే, తాగడానికి గుక్కెడు లేవు. పడవల మీద, డ్రోన్ల మీద అందినదే ఆహారం. మీరు మూడో అంతస్తులో ఉన్నా, కింద ఉన్న కారునూ బండినీ ముందే ఎత్తయిన చోట పెట్టండి. చెట్టు కింద మాత్రం వద్దు. మునిగిన బండిని స్టార్టు చేయకుండా మెకానిక్‌కు చూపించండి. ఇంటినీ బండినీ ఇప్పుడే ఫోనులో ఫోటోలు తీసి ఉంచుకుంటే బీమా వారి దగ్గర వాదన తగ్గుతుంది.

ఆన్‌లైన్ బ్యాగు విషయం. నేను చూసిన వాటిలో విజిలు, అల్యూమినియం దుప్పటి, కత్తి, దిక్సూచి ఉన్నాయి. విశాఖ అపార్టుమెంట్‌లో దిక్సూచితో మీకేం పని? ఆ డబ్బుతో పవర్ బ్యాంకు, అదనపు ఇన్సులిన్ కొనండి. ఆధార్, ఇంటి అగ్రిమెంటు, బీమా కాగితాలు, ప్రిస్క్రిప్షన్లను ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, పాత కాలేజీ బ్యాగులో వేసి తలుపు దగ్గర ఉంచితే మీ బ్యాగు తయారైనట్లే.

ఊరు విడిచే మాటకు వస్తే, పత్రికల్లో కనిపించే ఒకటి నుంచి పదకొండు దాకా ఉన్న ప్రమాద సూచికలు ఓడరేవులకూ ఓడలకూ ఉద్దేశించినవి. వాటిని చూసి నిర్ణయించుకోకండి. వాతావరణ శాఖ సాధారణంగా 48 గంటల ముందు తుపాను అలర్టు, 24 గంటల ముందు తుపాను హెచ్చరిక ఇస్తుంది. ఫోనులో సచేత్ యాప్ వేసుకుంటే అవి మీకు చేరతాయి. గట్టి భవనం, గెడ్డ (వాగు) పక్కన కాని స్థలం, లోపలి గది ఉంటే ఇంట్లో ఉండిపోవడమే మంచిది. అధికారులు ఖాళీ చేయమంటే మాత్రం వాదించకండి. అత్తగారి దృష్ట్యా వెళ్లాలనుకుంటే అలర్టు దశలోనే బయలుదేరండి, ఎందుకంటే హెచ్చరిక వచ్చే వేళకు రైళ్లు రద్దు కావడం మొదలవుతుంది, బస్సుల్లో నిలబడే చోటు కూడా ఉండదు.